ఆఫ్రికా నాటకకర్త లండన్ వెళ్లాకే పెద్దవాడయ్యాడా?

ప్రశ్న అడిగినవారు ఎంఏ ఇంగ్లీషు చదువుతున్నారట. సిలబస్‌లో నైజీరియా రచయిత వోలే సోయింకా నాటకం ఉంది, క్లాసులో మాత్రం "లీడ్స్‌లో చదివాడు, లండన్‌లో పేరొచ్చింది, నోబెల్ వచ్చింది" అని మూడు ముక్కల్లో తేల్చేశారట. ఆఫ్రికాకీ బ్రిటన్‌కీ మధ్య తిరుగుతూ నాటకాలు రాసేవాళ్ల కెరీర్ అసలు ఎలా నడుస్తుంది, ఇల్లు ఎలా గడుస్తుంది, లండన్ లేకపోతే వీళ్లు లేరా అని అడిగారు.

సూటిగా చెప్తాను. లండన్ వల్ల పేరు వచ్చిన మాట నిజం, నాటకం వచ్చిందంటే మాత్రం ఒప్పుకోను. నాకు తెలిసినంతలో ఈ దారిలో ఎక్కువకాలం నిలబడ్డవాళ్లు ఇంటి దగ్గర ఒక ట్రూపునో, ప్రేక్షకులనో, కనీసం ఒక భాషనో వదలకుండా పట్టుకున్నవాళ్లే. బ్రిటిష్ థియేటర్ కమిషన్ల మీదే, అంటే థియేటర్ వాళ్లు డబ్బిచ్చి రాయించుకునే నాటకాల మీదే, ఆధారపడినవాళ్లకి రెండు నాటకాలు బాగా పడతాయి, ఆ తర్వాత పెద్ద గ్యాప్ వస్తుంది. ఇక ఇల్లు గడవడం అంటారా, నాటకాల మీద దాదాపు ఎవరికీ గడవదు, సోయింకాతో సహా.

నా సంగతి రెండు ముక్కలు చెప్పకపోతే ఇదంతా పుస్తకం చూసి రాశాననుకుంటారు. నాది విజయనగరం. 2006లో చదువుకోడానికి ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చి, స్టేజ్ మేనేజ్‌మెంట్‌లో చిన్నా చితకా పనులు చేసి, తర్వాత తొమ్మిదేళ్లు రెండు మూడు థియేటర్లకి స్క్రిప్ట్ రీడర్‌గా పనిచేశాను. అంటే ఎవరెవరో పోస్టులో, మెయిల్లో పంపిన నాటకాలు చదివి, పేజీన్నర రిపోర్టు రాసి, పైకి పంపాలా వద్దా చెప్పడం. ఒక్కో స్క్రిప్టుకి ఇచ్చేది ఇద్దరు హోటల్లో తింటే అయిపోయేంత. ఈ పని గురించి ఎందుకు చెప్తున్నానంటే, సోయింకా కూడా లండన్‌లో తొలి రోజుల్లో ఈ పని చేశాడు.

ఆయన 1934లో నైజీరియాలోని అబెయోకుటాలో పుట్టాడు. అక్కడే ఇబాదాన్ నగరంలో రెండేళ్లు చదివి 1954లో లీడ్స్ యూనివర్సిటీకి వచ్చాడు, 1957లో డిగ్రీ అయింది. ఆ తర్వాత లండన్‌లో రాయల్ కోర్ట్ థియేటర్‌లో ప్లే రీడర్. రాయల్ కోర్ట్ అప్పటికి కొత్త నాటకాలకి అడ్డా, జార్జ్ డివైన్ నడిపేవాడు, రచయితల గుంపు ఒకటి ఉండేది, ఆర్నాల్డ్ వెస్కర్, ఎడ్వర్డ్ బాండ్ లాంటివాళ్లు దాంట్లో ఉన్నారు. అలాంటి చోట పాతికేళ్లలోపు నైజీరియా కుర్రాడు కూర్చుని ఇంగ్లీషు వాళ్ల నాటకాలు చదివి మంచిచెడ్డలు చెప్తున్నాడు. నా మటుకు నాకు ఇది ఆయన జీవితంలో చాలా ముఖ్యమైన ఘట్టం. ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చున్నవాడికి నాటకం ఎలా రాయాలో కాదు, నాటకం ఎందుకు తిరిగి వెళ్లిపోతుందో తెలుస్తుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. 1959 మార్చిలో, అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న కెన్యాలో, హోలా అనే నిర్బంధ శిబిరంలో 11 మంది ఖైదీలను కొట్టి చంపారు. తాగిన నీళ్లు పడక పోయారని మొదట అధికారులు చెప్పారు. దాని మీద ఆ ఏడాదే రాయల్ కోర్ట్‌లో ఒక ప్రదర్శన చేశారు, స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే రకం. కాపలావాళ్ల వేషం వేసినవాళ్లు కర్రలు మెల్లగా పైకెత్తి, ఖైదీల మెడల మీదా భుజాల మీదా మెల్లగా దించాలి. ఒక నటుడు తన వంతు వచ్చినా స్టేజీ మీదికి వెళ్లనన్నాడు. 1986లో స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం సోయింకా ఈ కథతోనే మొదలుపెట్టి, ఆ నటుణ్ణి నేనేనని చెప్పాడు. నాటకం ఉద్దేశం మంచిదే, చేసినవాళ్లూ మంచివాళ్లే. అయినా పదకొండు నిజమైన శవాలను లండన్ ప్రేక్షకుడి ముందు అభినయించి చూపించడం అనేది ఆయన ఒంటికి పడలేదు. మీ పరీక్షకి పనికొస్తుందో లేదో తెలీదు గానీ, రెండు రంగస్థలాల మధ్య ఉన్న మనిషికి కడుపులో ఏం తిరుగుతుందో ఇంతకంటే బాగా చెప్పే సంఘటన నాకు దొరకలేదు.

ఇప్పుడు తేదీలు చూడండి, మీ లెక్చరర్ గారి మాట ఎక్కడ తప్పుతుందో కనబడుతుంది. 'ద స్వాంప్ డ్వెల్లర్స్' 1958లో లండన్‌లో విద్యార్థుల నాటకోత్సవంలో పడింది. 1959లో అదీ, 'ద లయన్ అండ్ ద జ్యువెల్' కలిపి ఇబాదాన్‌లో ఆడారు. అదే ఏడాది నవంబరులో రాయల్ కోర్ట్ ఆయనకి ఇచ్చింది ఒక్క రాత్రి, ఆదివారం పూట, 'ద ఇన్వెన్షన్' అనే చిన్న నాటకానికి. 1960 మొదట్లోనే రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ డబ్బులతో నైజీరియా వెళ్లిపోయాడు, ఒక ల్యాండ్‌రోవర్ కొనుక్కుని దేశమంతా తిరుగుతూ జాతర్లూ, పూజలూ, ఊరి ఆటలూ చూశాడు. '1960 మాస్క్స్' అని ట్రూపు పెట్టాడు. ఆ అక్టోబరులో స్వాతంత్ర్యం వస్తే 'ఎ డాన్స్ ఆఫ్ ద ఫారెస్ట్స్' ఆడించాడు. పండగ పూట పూర్వీకుల ఘనత చెప్తాడనుకుంటే, పిలిచిన పూర్వీకులు వచ్చి పాత పాపాలు విప్పుతారు, పెద్దలకి మింగుడుపడలేదు. తర్వాత 1964లో ఒరిసున్ థియేటర్ అని ఇంకో ట్రూపు పెట్టాడు. ఇంత అయ్యాక, 1965లో లండన్‌లో స్ట్రాట్‌ఫర్డ్ ఈస్ట్‌లోని థియేటర్ రాయల్‌లో 'ద రోడ్' పడింది. 'లయన్ అండ్ ద జ్యువెల్' రాయల్ కోర్ట్‌కి వచ్చింది 1966లో, అంటే ఇబాదాన్‌లో ఆడిన ఏడేళ్లకి.

కాబట్టి వరస ఇదీ: ముందు ఇబాదాన్, తర్వాత లండన్. లండన్‌లో జరిగింది ఏంటంటే అచ్చు, రివ్యూ, పేరు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్లు పుస్తకాలు వేశారు కాబట్టే మీ సిలబస్ దాకా వచ్చాడు. 'ద రోడ్' చూసి పెనెలోపీ గిలియట్ 'ది అబ్జర్వర్'లో రాసిన రివ్యూ ఇప్పటికీ అందరూ ఎత్తి చూపిస్తారు. ఇంగ్లీషు భాషకి మళ్లీ మళ్లీ ఊపిరి పోసేది బయటివాళ్లేననీ, రెండు వందల ఏళ్లుగా ఐర్లండు నాటకకర్తలు చేస్తున్న పని, అంటే ఆ భాషను తన్ని లేపి దాని జేబులు కొల్లగొట్టడం, ఇప్పుడు ఈ నైజీరియా మనిషి చేస్తున్నాడనీ దాని సారాంశం. మెచ్చుకోలు మాటే. కానీ గమనించారా, మెచ్చుకున్నది తమ భాషకి జరిగిన లాభాన్ని. ఆ నాటకంలో లారీ డ్రైవర్లున్నారు, దొంగ లైసెన్సులు తయారుచేసే ప్రొఫెసరున్నాడు, రోడ్డు ప్రమాదాలను దేవుడికి ముడిపెట్టి చూసే మనుషులున్నారు. మన హైవే పక్క ధాబాలో లారీ క్లీనర్ల మధ్య ఒక గంట కూర్చున్నవాళ్లకి ఆ నాటకం లండన్ విమర్శకులకన్నా తొందరగా ఎక్కుతుందని నా నమ్మకం.

నా తప్పు ఒకటి చెప్తాను. 2011లో నైజీరియాలోని లాగోస్ నుంచి ఒక స్క్రిప్టు వచ్చింది. మధ్యలో మూడు పేజీల పాటు మాటల్లేవు, డప్పు వాయించాలి అని మాత్రం వివరంగా రాసి ఉంది. నేను రిపోర్టులో "నలభయ్యో పేజీ దాకా కథ కదలదు, ఈ మూడు పేజీలు తీసేయొచ్చు" అని రాసి పడేశాను. రెండేళ్ల తర్వాత లండన్‌లోని పెకమ్‌లో ఒక అద్దె హాల్లో నైజీరియా వాళ్ల బృందం ఒకటి అదే నాటకం వేస్తే చూశాను. ఆ మూడు పేజీలు పదకొండు నిమిషాలు పట్టాయి. నైజీరియాలో మాట్లాడే యొరుబా భాషలో స్వరం హెచ్చుతగ్గులను బట్టి మాటకి అర్థం మారుతుంది, చంకలో పెట్టుకుని తాళ్లు నొక్కుతూ వాయించే వాళ్ల డప్పు ఆ స్వరాలనే పలికిస్తుంది, అంటే డప్పు నిజంగానే మాట్లాడుతుంది. ఆ పదకొండు నిమిషాల్లో డప్పు ఒక ఇంటి పేరు చదివింది, చనిపోయింది ఎవరో చెప్పింది, హాల్లో సగం మందికి అర్థమై నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. కథ మొత్తం అక్కడే కదిలింది. బుర్రకథ స్క్రిప్టులో "తందాన తాన" అని రాసిన చోటల్లా కథ ఆగిపోయిందని కొట్టేసినవాడి తెలివి నాది. ఇంటికి వచ్చి ఆ రిపోర్టు మళ్లీ చదువుకుంటే సిగ్గేసింది.

ఇలాంటి రిపోర్టులు నా ఒక్కడివే కావు. ఈ రంగంలో పెద్ద చిక్కు ఎవరో ద్వేషంతో తలుపు వేసేయడం కాదు, ఇష్టంతోనే "కొంచెం వివరించండి" అని అడగడం. ఘానాలోని అక్రా నుంచి వచ్చిన ఒక స్నేహితురాలి నాటకానికి రిహార్సల్ రూములో నోట్సు రాసుకునే పని నాకు పడింది. నామకరణం సీనులో డైరెక్టర్ చాలా మర్యాదగా, ఇక్కడి ప్రేక్షకులకి ఈ ఆచారం తెలీదు, తల్లి పాత్ర చేత ఒక రెండు లైన్లు చెప్పిద్దామా అన్నాడు. ఆవిడ ఒప్పుకుంది. తర్వాత వారం ఇంకో రెండు లైన్లు. చివరికి ఆ సీను ఎలా తయారైందంటే, మన పెళ్లిపీటల మీద తల్లి కూతురితో "అమ్మా, జీలకర్ర బెల్లం అంటే ఏమిటంటే..." అని పాఠం చెప్పినట్టు అయింది. ఎవరికి చెప్తోంది? కూతురికి తెలుసు, పెళ్లికొడుక్కి తెలుసు, పురోహితుడికి తెలుసు. ఆ నాటకం మూడేళ్లు వర్క్‌షాపుల్లో, రీడింగుల్లో తిరిగి ఆగిపోయింది. ప్రతిసారీ అందరూ మెచ్చుకున్నారు, టీ బిస్కట్లు ఇచ్చారు, డేటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

డబ్బు సంగతి. బ్రిటన్‌లో నాటకం కమిషన్ అంటే ఒకేసారి చేతిలో పెట్టరు. సంతకం చేసినప్పుడు కొంత, డ్రాఫ్టు ఇచ్చినప్పుడు కొంత, వాళ్లు ఒప్పుకున్నప్పుడు మిగతాది, ఆడితే టిక్కెట్ల మీద శాతం. రాయడానికి ఏడాదిన్నర పట్టిందనుకోండి, నెలకి భాగిస్తే అద్దెకి కూడా చాలదు. అందుకే వీళ్ల బయోడేటా చదివేటప్పుడు నాటకాల పేర్లు కాకుండా మధ్యలో ఉన్న రెసిడెన్సీలు, ఫెలోషిప్పులు (థియేటర్‌లోనో కాలేజీలోనో ఉండి రాసుకోడానికి డబ్బిచ్చే కొలువులు) లెక్కపెట్టండి, అసలు జీతం అక్కడుంటుంది.

దీనికి మంచి ఉదాహరణ బియి బాండేలే అనే నాటకకర్త. 1967లో ఉత్తర నైజీరియాలో కఫాన్‌చాన్‌లో పుట్టాడు, యొరుబా కుటుంబం, చుట్టూ హౌసా భాష. నైజీరియాలోనే ఇఫే యూనివర్సిటీలో డ్రామా చదివి, 1990లో లండన్ వచ్చాడు, ఇరవై రెండేళ్లవాడు. 1993లో 'మార్చింగ్ ఫర్ ఫౌసా' రాయల్ కోర్ట్‌లో పడింది. తర్వాత వరస చూడండి: 1994–95లో తలావా అనే నల్లవాళ్ల థియేటర్ కంపెనీలో రెసిడెన్సీ, 1996లో నేషనల్ థియేటర్ స్టూడియో, 2000–01లో కేంబ్రిడ్జ్ చర్చిల్ కాలేజీలో ఫెలోషిప్, 2002–03లో బుష్ థియేటర్‌లో ఇంకో ఫెలోషిప్. వీటి మధ్యన నైజీరియా రచయిత చినువా అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్'ని 1997లో నాటకం చేశాడు, 1688లో ఆఫ్రా బెన్ అనే ఇంగ్లీషు రచయిత్రి రాసిన కథ 'ఒరూనోకో'ని 1999లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి నాటకం చేశాడు. అంటే పెద్ద స్టేజీలు ఆయన చేత చేయించుకున్నవాటిలో బాగా తెలిసినవి అనుసరణలు, అప్పటికే పేరున్న పుస్తకాలు. ఇది తక్కువ పని అని అనను, 'ఒరూనోకో'లో ఆఫ్రికా భాగాన్ని ఆయన తనకు తెలిసిన మనుషులతో నింపాడు. కానీ థియేటర్ ఎక్కడ రిస్కు తీసుకుంటుందో, ఎక్కడ తీసుకోదో దీన్ని బట్టి తెలుస్తుంది. ఆ తర్వాత ఆయన నవలల వైపు, సినిమాల వైపు వెళ్లిపోయాడు. ఆ కథ చివర్లో చెప్తాను.

సోయింకాకి కూడా ఇదే లెక్క. 1967 ఆగస్టు నుంచి 1969 అక్టోబరు దాకా జైలు, ఎక్కువ భాగం ఒంటరి గదిలో. బయటికొచ్చాక కొన్నేళ్లు దేశం వెలుపల. 1973–74లో కేంబ్రిడ్జ్ చర్చిల్ కాలేజీలో ఫెలో. అక్కడ ఆఫ్రికా సాహిత్యం మీద లెక్చర్లు ఇవ్వబోతే ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ అలాంటి సాహిత్యం ఒకటుందని నమ్మలేదు, చివరికి ఆంత్రొపాలజీ వాళ్ల దగ్గర చెప్పాల్సి వచ్చింది. ఇది ఆయనే తర్వాత ఆ లెక్చర్ల పుస్తకం ముందుమాటలో రాసుకున్నాడు. మీ సిలబస్‌లో ఉన్న 'డెత్ అండ్ ద కింగ్స్ హార్స్‌మన్' రాసింది ఆ కాలేజీలోనే. మెట్ల దగ్గర చర్చిల్ విగ్రహం ఉండేదనీ, దాటినప్పుడల్లా దాన్ని తోసేయాలనిపించేదనీ ఆయనే చెప్పుకున్నాడు. ఈ సంగతి తెలిశాక ఆ నాటకంలో దొరగారి బంగళా సీన్లు చదివితే వేరేగా ఉంటాయి.

పరీక్షకి సంబంధించి ఒక్క మాట. ఆ నాటకం మీద అందరూ "రెండు సంస్కృతుల సంఘర్షణ" అని రాసేస్తారు, గైడ్లలో కూడా అదే ఉంటుంది. పుస్తకం మొదట్లో సోయింకా పెట్టిన రచయిత మాట చదవండి, ఆ ముద్ర వేయొద్దని గట్టిగా కసురుకున్నాడు. చనిపోయిన రాజు వెంట ఆచారం ప్రకారం ప్రాణం విడవాల్సిన ఎలేసిన్‌కి దొర అడ్డుపడటం ఒక సంఘటన మాత్రమే, అసలు నాటకం ఆ ఎలేసిన్ లోపల, చచ్చినవాళ్లకీ బతికున్నవాళ్లకీ పుట్టబోయేవాళ్లకీ మధ్య ఉన్న దారిలో జరుగుతుంది అంటాడు. ఇది రాసినందుకు మార్కులు తగ్గితే నన్ను తిట్టుకోండి.

ఈ నాటకం 2009లో లండన్‌ నేషనల్ థియేటర్ ఒలివియర్ హాల్లో రూఫస్ నోరిస్ డైరెక్షన్‌లో పడినప్పుడు చూశాను. నాన్సో అనోజీ ఎలేసిన్. దొర పిల్కింగ్స్‌గా లూషన్ మ్సమాటి, మొహానికి తెల్లరంగు పూసుకుని. తెల్లవాళ్ల పాత్రలన్నీ నల్లవాళ్లే అలా వేశారు. నాకు గుర్తున్నది ఇంకొకటి: నా వెనక వరసలో నైజీరియా ఆంటీ ఒకావిడ, తలకి పెద్ద గుడ్డ చుట్టుకుని, మార్కెట్ సీనులో ఆడవాళ్లు దేశీ పోలీసు టోపీ లాక్కుని వేళాకోళం చేస్తుంటే పగలబడి నవ్వింది. హాలు మొత్తం ఆవిడ తర్వాత ఒక క్షణానికి నవ్వింది. నాటకం అయ్యేదాకా అదే తంతు, ముందు ఆవిడ, తర్వాత హాలు. ఇంటర్వెల్లో ఐస్‌క్రీమ్ క్యూలో నా ముందు ఇద్దరు తెల్ల ముసలాయనలు "ఆమె నవ్వకపోతే అక్కడ నవ్వొచ్చని తెలిసేది కాదు" అనుకున్నారు. బ్రిటన్‌లో ఇలాంటి నాటకానికి ఆవిడ కూర్చునే సీటే ప్రాణం. ఆ సీట్లు నింపడం నేర్చుకున్న కంపెనీలు 1986లో మొదలైన తలావా, 1997లో ఫెమి ఎలుఫోవోజు జూనియర్ పెట్టిన తియాటా ఫహోడ్జి లాంటివి. పెద్ద హాళ్లు చాలాకాలం పట్టించుకోలేదు.

ఈ తరంలో ఆ సీటు కోసమే రాసినవాడు ఇనువా ఎలమ్స్. 1984లో నైజీరియాలోని జోస్‌లో పుట్టి, పన్నెండేళ్లప్పుడు కుటుంబంతో ఇంగ్లండ్ వచ్చేశాడు, ఇమిగ్రేషన్ కాగితాల గొడవతో యూనివర్సిటీకి వెళ్లలేకపోయి కవిత్వం చదువుతూ స్టేజీ ఎక్కాడు. ఆయన 'బార్బర్ షాప్ క్రానికల్స్' 2017లో నేషనల్‌లో పడింది. ఒకే రోజు, పెకమ్, లాగోస్, అక్రా, కంపాలా, హరారే, జోహన్నెస్‌బర్గ్ మంగలి షాపులు, అన్నిట్లోనూ ఒకే చెల్సీ–బార్సిలోనా మ్యాచ్. ఆ ఊళ్లు తిరిగి, షాపుల్లో కూర్చుని, మగాళ్ల కబుర్లు గంటల కొద్దీ రికార్డు చేసుకొచ్చి రాశాడు. దాంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ వివరించరు. మన సెలూన్లో ఎవరైనా వివరిస్తారా?

ఒక జాగ్రత్త. ఇక్కడి బ్రిటిష్ పేపర్లలో కనపడేది సగం కెరీరే. సోయింకా ఇఫే యూనివర్సిటీలో ఉన్నప్పుడు గెరిల్లా థియేటర్ అని మార్కెట్లలో, వీధుల్లో చిన్న చిన్న నాటికలు వేయించేవాడు. 1983 ఎన్నికల ఏడాది 'అన్‌లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ' అని పాటల రికార్డు తెచ్చాడు, నాయకుల అవినీతి మీద. లండన్ వాళ్ల లెక్కలో ఆ రోజుల్లో ఆయన ఏం చేస్తున్నాడంటే పెద్దగా ఏమీ లేదు! అటు నుంచి చూస్తే, 1994లో నైజీరియా సైనిక నియంత అబాచా మనుషులకి దొరక్కుండా మోటార్ సైకిల్ మీద అడవి దారిన బెనిన్ దేశంలోకి తప్పించుకున్నాక, లాగోస్ వీధి కుర్రాళ్ల మీద రాసిన 'ద బీటిఫికేషన్ ఆఫ్ ఏరియా బాయ్' 1995లో లీడ్స్‌లో వెస్ట్ యార్క్‌షైర్ ప్లేహౌస్‌లో పడింది, తను చదువుకున్న ఊళ్లో. అప్పుడు బ్రిటిష్ స్టేజీ నిజంగా అక్కరకొచ్చింది. కాబట్టి బ్రిటన్ ఉత్త ముద్ర వేసే ఆఫీసు అనేసి వదిలేయడం కూడా సరికాదు. ఇంట్లో నోరు నొక్కేసినప్పుడు పక్కింటి అరుగు పనికొస్తుంది.

ఇక బాండేలే చివరి పని. 'కింగ్స్ హార్స్‌మన్'ని ఆయన సినిమా తీశాడు, ఇంగ్లీషులో కాదు, యొరుబాలో, 'ఎలేసిన్ ఓబా' అని. కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లీషులో రాసిన నాటకం, అదే కాలేజీలో పాతికేళ్ల తర్వాత ఫెలోగా ఉన్న ఇంకో నైజీరియా నాటకకర్త చేతిలో సొంత భాషకి తిరిగొచ్చింది. 2022 ఆగస్టు 7న లాగోస్‌లో బాండేలే చనిపోయాడు, యాభై నాలుగేళ్లు. సినిమా నెల తర్వాత టొరంటో ఫెస్టివల్లో వేశారు, తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది.

మీకు టైము తక్కువుంటే ఇలా చేయండి. ముందు 'లయన్ అండ్ ద జ్యువెల్' చదవండి, గంటన్నరలో అయిపోతుంది, నవ్వొస్తుంది, సోయింకా అంటే ఉన్న భయం పోతుంది. తర్వాత మీ సిలబస్ నాటకంలో మొదటి అంకం మార్కెట్ సీను, పైకి గట్టిగా, ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌తో పంచుకుని చదవండి. అప్పుడు 'ఎలేసిన్ ఓబా' పెట్టి మొదటి పది నిమిషాలు సబ్‌టైటిల్స్ ఆపేసి చూడండి. ఎక్కడ కథ కదిలిందో ఒక కాగితం మీద రాసుకుని, మళ్లీ సబ్‌టైటిల్స్ పెట్టి సరిచూసుకోండి. ఏం తేలిందో ఇక్కడే రాయండి, నేనూ చూస్తాను.